బుల్లియ్య కుడిచెయ్యి

బుల్లియ్య కుడిచెయ్యి అతని మాట వినడం మానేసిందన్న సంగతి గంగిరేవు లంకలో అందరికంటే ఆఖరున తెలిసింది బుల్లియ్యకే. తెలిసిన రోజున ఆ మనిషి పడ్డ ఆశ్చర్యం అంతా ఇంతా కాదు. వరదలో కొట్టుకొచ్చిన గేదె అరుగు మీద కూర్చుని కాఫీ అడిగినా అంత ఆశ్చర్యపోయి ఉండడు.

ఆ చెయ్యి సామాన్యమైనది కాదు మరి. వసిష్ఠ గోదావరి మీద లంకకీ అవతలి గట్టుకీ మధ్య ముప్పై ఒక్క ఏళ్లు ఇంజన్ పడవ చుక్కాని పట్టిన చెయ్యి. సరంగు బుల్లియ్య పడవలో నిలబడితే మీసం ఒక కొస తూర్పు గోదావరిలోనూ, రెండో కొస పశ్చిమ గోదావరిలోనూ ఉంటుందని ప్రయాణికులు చెప్పుకునేవారు. ఒకసారి మాఘమాసం మంచులో, ముందున్న మనిషి వెనకున్న మనిషికి కనపడని పొద్దున, పడవ ముక్కు మీద నిండా టీ పోసిన గ్లాసు పెట్టి అవతలి రేవుకి తీసుకెళ్లి ఆనించాడు. ఒక్క చుక్క తొణకలేదు. తొణికిందని చెప్పేవాడు ఎవడైనా ఉంటే వాడు ఆ రోజు ఆ పడవలో లేనట్టే.

గోదావరి దాటడంలో ఒక కిటుకు ఉంది. ఎదురుగా కనిపిస్తున్న రేవుకే పడవ ముక్కు పెడితే ఆ రేవుకి చేరరు. నీళ్లు కిందకి లాగేస్తాయి. రేవుకి ఎగువన ఏ కొబ్బరిచెట్టుకో గురిపెట్టి పట్టాలి. నడిమధ్యలో లాగుడు ఎక్కువ, గట్టు దగ్గర తక్కువ. కాబట్టి ఆ పట్టు క్షణక్షణానికీ మారాలి. పడవ జారాక సర్దుకునేవాడు సరంగు కాడు. జారబోయేముందే సర్దేవాడే సరంగు. బుల్లియ్య కుడిచెయ్యి అలా ముందే సర్దేసేది. సర్దుతున్నానని బుల్లియ్యకి చెప్పేది కూడా కాదు. అసలు గొడవంతా అక్కడే వచ్చింది.

పడవ మనిషి రేడియోలోకి ఎందుకు దిగాడంటే, దానికి కారణం వరద. నాలుగేళ్ల కిందట గోదావరి గట్లు ఒరుసుకుని పారినప్పుడు బుల్లియ్య అవతలి గట్టున చిక్కుకుపోయాడు. భార్య లోవమ్మ లంకలో ఉంది. సెల్ టవరు నీళ్లలో నిలబడి మూగబోయింది. అంతటి సరంగు మూడు రోజులు తాడు విప్పలేక, తిండి తినలేక, గట్టు మీద అటూ ఇటూ తిరిగాడు. మూడో రోజు సాయంత్రం రాజమండ్రి హామ్ రేడియో క్లబ్బు వాళ్లు వచ్చి గట్టు మీద ఒక రేడియో పెట్టె పెట్టారు. సహాయక పడవలో వెళ్లిన వాళ్ల మనిషి లంకలో ఇంకో పెట్టె తెరిచాడు. వైరు లేదు, టవరు లేదు. పెట్టెలోంచి లోవమ్మ గొంతు వచ్చింది.

"ఏవయ్యా, వినపడుతున్నానా? కోళ్లన్నీ డాబా మీదే ఉన్నాయి. కంగారుపడకు."

బుల్లియ్య బురదలోనే చతికిలపడ్డాడు. "మనుషుల సంగతి చెప్పకుండా ముందు కోళ్ల సంగతి చెప్పింది, అది మా ఆవిడే, అనుమానం లేదు" అని అరగంట తర్వాత అనగలిగాడు.

ఆ రోజు నుంచి అతనికి ఒకటే పట్టుదల. అలాంటి పెట్టె లంకలోనే ఉండాలి, నీళ్లు వచ్చాక తేవడం కాదు. మేనకోడలు హేమశ్రీ రాజమండ్రిలో పాలిటెక్నిక్ లెక్చరరు, ఆ క్లబ్బులో సభ్యురాలు. ఆమె వెంటపడి పాఠాలు చెప్పించుకున్నాడు. ఏడో తరగతిలో బడి మానేసిన మనిషి యాభై ఆరో ఏట లైసెన్సు పరీక్ష రాసి పాసయ్యాడు. ఫలితం వచ్చిన రోజు లోవమ్మ ఆ కాయితాన్ని ముగ్గురి చేత చదివించుకుని, మూడుసార్లూ ఒకటే చెప్పారు కాబట్టి నమ్మింది.

క్లబ్బులో ఉపగ్రహంతో మాట్లాడగల పెట్టె ఒక్కటే ఉంది. ఆకాశంలో తిరిగే చిన్న ఉపగ్రహం మీదుగా అక్షరాలు పంపితే వందల మైళ్ల అవతల దిగుతాయి. చుట్టుపక్కల ఊళ్లన్నీ మునిగినా దానికి లెక్కలేదు. ఆ పెట్టె లంకలో ఉంచండని బుల్లియ్య అడిగితే క్లబ్బు పెద్ద హరిబాబు కళ్లజోడు పైనుంచి చూశాడు. పాలిటెక్నిక్‌లో ల్యాబు చూసి రిటైరైన మనిషి. రేడియో గురించి ఆయనకి తెలియనిది లేదని ఆయన అభిప్రాయం.

"ఏవయ్యా సరంగూ, ఇది చుక్కాని కాదు, ఉపగ్రహం. డాప్లర్ షిఫ్ట్ అంటే ఏంటో తెలుసా నీకు? ఫైనలియర్ పిల్లలకే అర్థం కాదు."

"చెప్పండి, తెలుసుకుంటాను."

"ఎదురొచ్చే లాంచీ కూత సన్నగా వినపడుతుంది, నిన్ను దాటి వెళ్లిపోయేటప్పుడు బొంగురుగా వినపడుతుంది. విన్నావా ఎప్పుడైనా?"

"ముప్పై ఏళ్లబట్టీ ఆ కూత వేసేది నేనేనండి."

అందరూ నవ్వారు. హరిబాబు నవ్వలేదు. మాట తేల్చేశాడు. జూన్ ఆఖరులోగా, అంటే మొదటి వరద ఎర్రనీరు దిగేలోగా, బుల్లియ్య లంకలోంచి ఉపగ్రహం మీదుగా సందేశం పంపాలి. బయటి రాష్ట్రం నుంచి జవాబు తన కళ్లముందు తెర మీద పడాలి. పడితే పెట్టె లంకది. పడకపోతే రాజమండ్రి బీరువాలోకి వెళ్తుంది.

పెట్టె లంకకి వచ్చింది. వెదురు బొంగుకి అల్యూమినియం పుల్లలు అడ్డంగా బిగించి హేమశ్రీ యాంటెన్నా తయారుచేసింది. అచ్చం తినేసిన పండుగప్ప ముల్లులా ఉంది. లోవమ్మ దాన్ని "ముల్లు" అనే పిలిచింది. రెండో రోజు దానిమీద ఎండుచేపలు ఆరేసింది కూడా. ఆ రోజు ఉపగ్రహం నుంచి ఏమీ వినపడలేదు. లంకలోని పిల్లులన్నీ మాత్రం సిగ్నలు అందుకున్నాయి.

కష్టం ఎక్కడంటే, ఆ ఉపగ్రహం సెకనుకి అయిదు మైళ్ల వేగంతో వచ్చి వెళ్లిపోతుంది. వచ్చేటప్పుడు దాని కూత ఉండాల్సిన చోటుకంటే పైన ఉంటుంది, పోయేటప్పుడు కిందకి జారుతుంది. మనిషి గొంతయితే కాస్త జారినా పోల్చుకోవచ్చు. ఇది అక్షరాల వ్యవహారం. కంప్యూటరు ఒక్కో అక్షరాన్నీ ఒక కూతగా మార్చి పంపుతుంది. అవతలి కంప్యూటరు ఆ కూత తన గీతల మధ్య పడితేనే అక్షరమని ఒప్పుకుంటుంది. వెంట్రుకవాసి పక్కకి జరిగితే తెర మీద చెత్త పడుతుంది. అందుకని ఉపగ్రహం దారి లెక్కలు ముందే కంప్యూటరుకి ఇచ్చి ఉంచుతారు. ఏ సెకనులో ఎంత జారుతుందో అదే చూసుకుని పెట్టెని సర్దుతూ ఉంటుంది. మనిషి చెయ్యాల్సింది ముల్లుని ఆకాశం వైపు చూపించడం, నోరుమూసుకుని కూర్చోవడం.

బుల్లియ్య నోరుమూసుకునే కూర్చున్నాడు. పదకొండు రోజులు, ఇరవై రెండు సార్లు ఉపగ్రహం లంక మీదుగా వెళ్లింది. ఇరవై రెండు సార్లూ తెర మీద పడింది చెత్తే. ఒక్క అక్షరం లేదు.

"పెట్టెలో తేడా ఉందేమోనే అమ్మాయ్" అన్నాడు బుల్లియ్య.

"నేను మా ఇంట్లో చూశాను మావయ్యా, బంగారంలా పనిచేసింది."

"అయితే లంకలో తేడా ఉందేమో."

"లంకలో లేదు మావయ్యా" అంది హేమశ్రీ. అని ఊరుకోకుండా, మర్నాడు ఉపగ్రహం వెళ్తున్నంతసేపూ ఫోనులో వీడియో తీసి, అయ్యాక అతని ముందు పెట్టింది.

బుల్లియ్య చూశాడు. వీడియోలో తను కళ్లు మూసుకుని, శ్రద్ధగా చెవులు రిక్కించి కూర్చున్నాడు. ఎడమచెయ్యి ఒళ్లో ఉంది. కుడిచెయ్యి పెట్టె నాబు మీద ఉంది. ఊరికే ఉండటం లేదు. కూత జారబోయే ముందల్లా ఇంతింత తిప్పుతోంది. ఉపగ్రహం నడినెత్తికి వచ్చేసరికి గట్టిగా పట్టింది, అటువైపు దిగుతుంటే మెల్లగా వదిలింది. అచ్చంగా పడవ దాటించినట్టే ఉంది. కంప్యూటరు ఒకవైపు సర్దుతుంటే, దానిమీద ఆ చెయ్యి మళ్లీ సర్దుతోంది. ఒక పడవకి ఇద్దరు సరంగులు.

ఫోను పక్కన పెట్టాడు. చేతిని ఎత్తి, తిప్పి, ఎవరిదో చూసినట్టు చూసుకున్నాడు.

"ఇది నాదేనా?"

"మరి నాదా? ఏవయ్యా, పదకొండు రోజులబట్టీ చూస్తున్నాను, ఆ చెయ్యి ఆగట్లేదు. దురద అనుకున్నాను" అంది లోవమ్మ.

"చూసి చెప్పలేదేంటే?"

"అమ్మాయి వీడియో తీసి చూపిస్తేగానీ నమ్మావా? నే చెబితే నమ్ముతావా?"

బుల్లియ్య ఆ పూట అన్నం ముట్టలేదు. ముప్పై ఒక్క ఏళ్లు ఎన్ని వేలమంది ప్రాణాలు ఈ చేతిలో పెట్టి దాటించాడు! ఏ రోజూ తప్పు చెయ్యని చెయ్యి. ఇప్పుడు పెట్టెని లంకలోంచి పంపించేస్తున్నది ఇదే. మనిషికి కాలు విరిగితే కట్టు కట్టించుకుంటాడు, కళ్లు మసకైతే జోడు పెట్టుకుంటాడు. తన చెయ్యి తనకి తెలియకుండా తనమీదే పనిచేస్తుంటే ఏ డాక్టరు దగ్గరికి వెళ్లాలి?

అంతలో హేమశ్రీ ఇంకో పిడుగు వేసింది. ఆ ఉపగ్రహానికి ఆయుష్షు అయిపోవచ్చింది. రోజురోజుకీ కిందకి దిగుతోంది. ఇంకో వారంలోపే గాలి రాపిడికి మండిపోతుంది. క్లబ్బు పెట్టెకి సరిపడేది ఆకాశంలో ప్రస్తుతం అదొక్కటే. హరిబాబు గారు శనివారం సాయంత్రం వస్తామన్నారు. అదే మొదలు, అదే ఆఖరు.

శనివారం హరిబాబు తెల్లచొక్కా వేసుకుని, చంకలో ఫైలుతో, తనే బుధవారం దింపి పెన్‌డ్రైవ్‌లో తెచ్చిన దారి లెక్కలతో పడవ దిగాడు. లంకలో నెట్టు సరిగ్గా రాదని హేమశ్రీ ఆ లెక్కలే కంప్యూటరుకి ఇచ్చింది. అయిదు గంటల నలభై రెండు నిమిషాలకి ఉపగ్రహం నైరుతి మూల తేలుతుందని తెర మీద పడింది. డాబా మీద బల్ల వేశారు. సగం లంక మెట్ల మీద కూర్చుంది.

బుల్లియ్య కుర్చీలో కూర్చుంటూ కుడిచేతిని తొడ కింద పెట్టుకుని దానిమీద మొత్తం బరువేశాడు. కదలడానికి సందు లేదు.

"అదేం ఆసనమయ్యా?" అన్నాడు హరిబాబు.

"దీన్ని నమ్మలేకపోతున్నానండి. అరెస్టు చేశాను."

అయిదూ నలభయ్యిన్నర అయింది. ఇంకా నిమిషంన్నర ఉంది. హరిబాబు ఫైలు తెరుస్తున్నాడు. బుల్లియ్య తలెత్తాడు. పెట్టెలోని హోరు కింద, ఎక్కడో, సన్నగా ఒక కూత ఉంది.

"వచ్చేసింది."

"ఎక్కడ వచ్చిందయ్యా? ఇంకా నిమిషంన్నర ఉంది. కంప్యూటరు చెబుతోంది కదా."

"కంప్యూటరుకి చెప్పకుండా వచ్చిందండి."

హేమశ్రీ ముల్లుని అటూ ఇటూ తిప్పింది. నైరుతి మూల కాస్త పైన కూత గట్టిపడింది. నిజంగానే వచ్చేసింది. కానీ తెర మీద మళ్లీ చెత్త పడుతోంది. ఇంకా రాని ఉపగ్రహానికి కంప్యూటరు మర్యాదగా సర్దుబాట్లు చేస్తోంది. వచ్చేసిన ఉపగ్రహాన్ని పట్టించుకోవడం లేదు. హరిబాబు చేతిలోంచి కలం పడిపోయింది. బుధవారం నుంచి శనివారానికి అది ఎంత దిగిపోయి ఉంటుందో, దిగినకొద్దీ ఎంత వేగం అందుకుంటుందో ఆయనకి ఒక్కసారిగా తట్టింది.

"పాత లెక్కలు" అన్నాడు. "పాతవి తెచ్చాను. అయిపోయింది."

ఉన్నదే అయిదు నిమిషాలు, అందులో ఒకటి పోయింది. బుల్లియ్యకి మాత్రం ఆనకట్ట తలుపులెత్తిన రోజుల్లో ధవళేశ్వరం దిగువన పడవ నడిపిన సంగతి గుర్తొచ్చింది. నీరు కిందకి దిగేచోట పడవ రోజూ వచ్చే టైముకి రాదు. ముందే వస్తుంది. గడియారం చూసేవాడు రేవు దాటిపోతాడు. చేత్తో పట్టేవాడు ఆగుతాడు.

"అమ్మాయ్, ఆ కంప్యూటరు సర్దుడు ఆపెయ్."

"మావయ్యా!"

"అక్షరాలు చదవడానికి ఉంచు. సర్దడం ఆపెయ్. ఒక సరంగు చాలు."

హేమశ్రీ ఆపేసింది. బుల్లియ్య తొడకింద నుంచి కుడిచేతిని లాగాడు. అది వేలాడిపోయింది. బరువంతా వేసి పావుగంట కూర్చున్నాడేమో, వేళ్లు తిమ్మిరెక్కి చెక్కముక్కల్లా ఉన్నాయి. నాబు మీద పెడితే జారి కింద పడింది. జీవితంలో మొదటిసారి ఆ చేతిని రమ్మని పిలిస్తే అది రావడం లేదు.

"లోవా! చెయ్యి! చెయ్యి పట్టు!"

లోవమ్మ ఒక్క అంగలో వచ్చి, ఆ చేతిని రెండు అరచేతుల మధ్య పెట్టి, పులుసు చేపకి పొలుసు రాలగొట్టినట్టు రాపాడింది. అయిదు వేళ్లలోనూ సూదులు గుచ్చినట్టయింది. బుల్లియ్య కేకవేశాడు. కేకతోపాటు చెయ్యి మేలుకుంది. నాబు మీదకి వెళ్లింది. ఇక దాన్ని ఎవరూ ఏమీ అడగలేదు.

కూత పైనుంచి జారుతోంది. చెయ్యి దానికంటే పిసరు ముందు వెళ్లి ఆగింది. తెర మీద చెత్త నడుమ ఒక అక్షరం పడింది, తర్వాత మూడు, ఆ తర్వాత వరస. ఎక్కడో ఒడిశాలో, కటక్‌లో కూర్చున్న ఒకాయన, ఎవరైనా ఉన్నారా, ఎవరైనా ఉన్నారా అని అడుగుతున్నాడు.

"పంపు మావయ్యా!"

పంపడం దీనికి తలకిందులు. అవతల సరిగ్గా చేరాలంటే ఇక్కడ కింద మొదలుపెట్టి పైకి రావాలి. తిరుగు పడవే అనుకున్నాడు బుల్లియ్య. హేమశ్రీ ఎడమచేత్తో ముల్లు పట్టుకుని, కుడిచేత్తో మీట నొక్కింది. ముందే టైపు చేసి ఉంచిన సందేశం పోయింది: గంగిరేవు లంక, అందరూ క్షేమం. ఉపగ్రహం మీంచి తమ కూత తమకే తిరిగి వినపడింది. నడినెత్తి దాటింది. ఇక్కడే లాగుడు ఎక్కువ. చెయ్యి గట్టిగా పట్టింది, వదిలింది, పట్టింది. బుల్లియ్య కళ్లు మూసుకున్నాడు. గట్టున గుడ్డలు ఉతుక్కుంటున్న ఆడవాళ్ల మాటలు గానీ, అవతల రేవులో బస్సు హారను గానీ, ఏమీ వినపడటం లేదు అతనికి. నీళ్లు మాత్రమే ఉన్నాయి, వాటి మీద ఒక కూత.

తెర ఖాళీగా ఉంది. ఇంకా ఖాళీగానే ఉంది. ఈశాన్యం మూల కూత బొంగురుపోతోంది.

అప్పుడు అక్షరాలు పడటం మొదలైంది. హరిబాబు ముందుకి వంగి, కళ్లజోడు తీసి, తుడిచి, మళ్లీ పెట్టుకుని, ఒక్కో అక్షరాన్నీ కూడబలుక్కుంటూ చదివాడు.

"గంగిరేవు... లంక... అందింది. అందరూ... క్షేమం... అందింది." ఆయన వేలు కింది వరసకి దిగింది. "ఇక్కడ... మా కంప్యూటర్లు... మీది తప్ప... ఇంకెవరిదీ... పట్టలేకపోతున్నాయి. మీరు... ఏ ప్రోగ్రాము... వాడుతున్నారు?"

మెట్ల మీంచి లేచిన కేకకి అవతలి గట్టున కొంగలన్నీ లేచిపోయాయి. వాటిలో సగం ఇప్పటికీ తిరిగి రాలేదంటారు.

"ఏం చెప్పను మావయ్యా? త్వరగా! మునిగిపోతోంది!"

బుల్లియ్య కళ్లు తెరిచాడు. పెట్టె మీద ఉన్న చేతిని చూశాడు. అది ఇంకా తిప్పుతూనే ఉంది.

"సరంగు అని కొట్టు" అన్నాడు.

హేమశ్రీ కొట్టింది. పోయిందో లేదో తెలియదు. కూత అడుగుకి జారి, హోరులో కలిసిపోయింది. సోమవారం దాని సమయానికి పెట్టె తెరిచారు. హోరు తప్ప ఏమీ రాలేదు. మళ్లీ ఎన్నడూ రాలేదు.

హరిబాబు ఆ సాయంత్రమే ఫైలు తెరిచి, పెట్టె ఉండాల్సిన చోటు అన్న గడిలో రాజమండ్రి కొట్టేసి లంక అని రాశాడు. తను రాసింది తనే రెండుసార్లు చదువుకున్నాడు. తిరుగు పడవలో బుల్లియ్య చుక్కాని పట్టుకుని ఉండగా ఆయన చాలాసేపు ఆ చేతివంక చూసి, "అది ముందే ఎలా తెలుస్తుందయ్యా దానికి?" అని అడిగాడు.

"నాకు చెప్పదండి" అన్నాడు బుల్లియ్య.

మరుసటి నెలలో ఆకాశంలోకి ఇంకో ఉపగ్రహం వెళ్లింది. దానికి తాజా లెక్కలు ఉన్నాయి, కంప్యూటరు తప్పు చెయ్యదు. కాబట్టి పెట్టె ముందు కూర్చునేటప్పుడు లోవమ్మ ఒక చిరిగిన వలా, అల్లుసూదీ తెచ్చి భర్త కుడిచేతిలో పెడుతుంది. ఉపగ్రహం వెళ్తున్నంతసేపూ ఆ చెయ్యి కన్నాలు అల్లుకుంటూ ఉంటుంది. వరద నీళ్లు వచ్చేసరికి లంకలో చిరిగిన వల ఒక్కటీ మిగల్లేదు. పెట్టె మాత్రం డాబా మీద, గొడుగు కింద, లంకలోనే ఉంది.